ఒకే డైవ్, రెండు కంప్యూటర్లు: ఒకదానిలో 19, ఇంకోదానిలో 77

ఈ కేసులోని దంపతులది నెల్లూరు. చెన్నైలో పెరుంగుడిలో ఉద్యోగాలు, వేళచ్చేరిలో కాపురం. ఇద్దరికీ నైట్రాక్స్ (మామూలు గాలికంటే ఆక్సిజన్ ఎక్కువ ఉన్న గ్యాస్) సర్టిఫికెట్ ఉంది, ఎవరి డైవ్ కంప్యూటర్ వాళ్లకుంది. కోవళం వైపు నుంచి బోటులో వెళ్లి ఒకే రోజు రెండు డైవ్‌లు చేశారు. ఇద్దరూ పక్కపక్కనే, ఒకే లోతులో, ఒకే చోట నింపిన సిలిండర్లతో. రెండో డైవ్ ముగించి పైకి తేలేసరికి ఆవిడ కంప్యూటర్‌లో సీఎన్‌ఎస్ (నాడీమండలం మీద ఆక్సిజన్ భారానికి ఉన్న హద్దులో ఎంత వాడామన్న లెక్క) 19 శాతం ఉంది, ఆయన కంప్యూటర్‌లో 77 ఉంది. నీళ్లలో ఉన్నంతసేపూ ఆయనది మోగుతూనే ఉందట. మర్నాడు 33 మీటర్ల చోట ఇంకో డైవ్ అనుకున్నారు. ఈ గోలతో దాన్ని రద్దు చేసుకుని, ఆ సాయంత్రమే రెండు కంప్యూటర్లూ పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. నేను చెన్నైలో నైట్రాక్స్ నేర్పుతాను, లాగ్‌లు చదివిపెడతాను.

"ఏందన్నా ఇది, ఇద్దరం ఒక్కచోటే ఉన్నాం గదా. నాకు రాత్రికి ఫిట్స్ వచ్చేస్తాయా?" అన్నాడు ఆయన. మనిషి బాగా టెన్షన్‌లో ఉన్నాడు, తల కూడా కాస్త నొప్పిగా ఉందన్నాడు.

కంప్యూటర్ సంగతి తర్వాత, ముందు మనిషి సంగతి. తిమ్మిర్లు, కీళ్ల నొప్పులు, నడకలో తడబాటు, చూపు మసకబారడం, ఊపిరి ఆడకపోవడం ఉన్నాయా అని ఒక్కొక్కటిగా అడిగాను. ఏవీ లేవు. వాటిలో ఒక్కటి ఉన్నా లాగ్ పక్కనపెట్టి డాక్టర్ దగ్గరికి పంపేవాడిని, ఎందుకంటే డైవ్ తర్వాత కనపడే లక్షణాలకు మొదట అనుమానించాల్సింది డీకంప్రెషన్ జబ్బును, అంటే ఒంట్లో కరిగిన నైట్రోజన్ బుడగలుగా మారి తెచ్చే జబ్బును. తలనొప్పి పెరిగినా, కొత్తగా ఏది కనిపించినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లమన్నాను. ఆయన భయపడుతున్న ఆక్సిజన్ ఫిట్స్ మాత్రం ఎక్కువ ఒత్తిడిలో ఆక్సిజన్ పీలుస్తున్నప్పుడు నీళ్లలోనే వస్తాయి. ఇంటికి వెళ్లి అన్నం తిన్నాక, రాత్రి నిద్రలో వచ్చేవి కావు. అది విన్నాక ఆయన కుర్చీలో కాస్త వెనక్కి ఆనుకున్నాడు.

నీళ్లలో వస్తే ఎందుకు ప్రాణాంతకమో నైట్రాక్స్ నేర్చుకున్న ప్రతివాళ్లూ వినే ఉంటారు. ఎక్కువ ఒత్తిడిలో ఆక్సిజన్ నాడీమండలాన్ని దెబ్బతీస్తుందని ఫ్రాన్స్ శాస్త్రవేత్త పాల్ బెర్ 1878లోనే రాశాడు. లక్షణాలివి: చూపు ఇరుకవడం, చెవిలో హోరు, వికారం, పెదవులు అదరడం, చిరాకు, తల తిరగడం, చివరికి ఫిట్స్. హెచ్చరికలేవీ లేకుండా నేరుగా ఫిట్స్ కూడా రావచ్చు. ఒడ్డున ఫిట్స్ వస్తే చాలాసార్లు కొద్దిసేపటికి తేరుకుంటారు. నీటి అడుగున ఊపిరి అందించే రెగ్యులేటర్ నోట్లోంచి జారిపోతుంది, మనిషి మునిగిపోతాడు. అందుకే ఆ శాతాన్ని నేను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోను. 77 కనిపించిందంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో తేలాల్సిందే.

ఇక్కడ చాలామంది డైవర్లకు తెలియని సంగతి ఒకటుంది. వదిలిన ఊపిరి నీళ్లలోకే పోయే మామూలు (ఓపెన్ సర్క్యూట్) డైవింగ్‌కు వాడే కంప్యూటర్‌లో ఆక్సిజన్‌ను కొలిచే పరికరమేదీ ఉండదు. వదిలిన ఊపిరినే శుద్ధి చేసి మళ్లీ వాడే రీబ్రీదర్లలో ఆక్సిజన్‌ను కొలిచే సెల్స్ ఉంటాయి, మన చేతికి కట్టుకునే దానిలో ఉండవు. దానిలో ఉన్నవి ఒక ఒత్తిడి సెన్సర్, ఒక గడియారం, మనం ఎక్కించిన ఆక్సిజన్ శాతం. లోతును బట్టి వచ్చే ఒత్తిడిని ఆ శాతంతో గుణిస్తుంది. 22 మీటర్ల దగ్గర మొత్తం ఒత్తిడి 3.2 బార్. 32 శాతం అని చెప్పి ఉంటే ఆక్సిజన్ పాక్షిక పీడనం, అంటే మొత్తం ఒత్తిడిలో ఆక్సిజన్ వాటా, 1.02 బార్ అని లెక్క వేస్తుంది. సిలిండర్‌లో నిజంగా ఏముందో దానికి తెలిసే దారి లేదు.

ఆ పాక్షిక పీడనాన్ని పట్టుకుని అది ఒక పట్టికను చూస్తుంది. చాలా కంప్యూటర్లకు మూలం అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా 1991 నాటి డైవింగ్ మాన్యువల్‌లోని పట్టిక. 1.6 బార్ దగ్గర ఒక డైవ్‌కు 45 నిమిషాలు. 1.5 దగ్గర 120. 1.4 దగ్గర 150. 1.2 దగ్గర 210. 1.0 దగ్గర 300. ఈ మెట్లు చూడండి: 1.6 నుంచి 1.5కు దిగగానే సమయం 45 నుంచి 120కి పోతుంది, ఆ తర్వాత మెల్లగా పెరుగుతుంది. ఈ కేసు మొత్తం ఆ నిటారు మెట్టు మీదే నడిచింది. ఒక్కో నిమిషం గడిచేకొద్దీ ఆ లోతుకు ఇచ్చిన సమయంలో ఎంత భాగం వాడేశామో కంప్యూటర్ కూడుతూ పోతుంది. 1.6 దగ్గర ఒక నిమిషం అంటే 45లో ఒక వంతు, అంటే 2.2 శాతం. 1.0 దగ్గర అదే నిమిషం 0.33 శాతమే. పైకి వచ్చాక ఆ మొత్తం 90 నిమిషాలకు సగం చొప్పున తగ్గుతుందని చాలా తయారీదారులు లెక్క వేస్తారు.

ఇప్పుడు లాగ్‌ల సంగతి. రెండు కంప్యూటర్లనూ ఫోన్‌కు కలిపి ప్రొఫైళ్లు దింపాను. మొదటి డైవ్: 26 మీటర్ల దగ్గర 30 నిమిషాలు, పైకి వస్తూ తక్కువ లోతులో ఇంకో 10 నిమిషాలు. ఇద్దరి కంప్యూటర్లూ సీఎన్‌ఎస్ 15 శాతం అన్నాయి. చేత్తో లెక్క వేస్తే నాకూ అదే వచ్చింది: 3.6 బార్‌ను 0.32తో గుణిస్తే 1.15, ఆ లోతుకు పట్టికలో దాదాపు 224 నిమిషాలు, 30 నిమిషాలకు 13.4 శాతం, మిగతాది పైపై లోతులది. అంటే ఆయన కంప్యూటర్ సెన్సర్‌లో లోపం లేదు, లెక్కలో లోపం లేదు. పొద్దున సరిగానే ఉన్న పరికరం మధ్యాహ్నానికి తేడాగా మారింది.

90 నిమిషాల విరామం తర్వాత రెండో డైవ్. 22 మీటర్ల దగ్గర 30 నిమిషాలు, తర్వాత తక్కువ లోతులో 10. విరామంలో 15 కాస్తా 7.5కు తగ్గింది. ఆవిడ కంప్యూటర్‌లో దాని మీద మరో 12 చేరి 19 అయింది. ఆయన కంప్యూటర్‌లో దాదాపు 70 చేరింది. 18 మీటర్లు దాటగానే పాక్షిక పీడనం అలారం మొదలైంది. బటన్ నొక్కి ఆపినా మళ్లీ మోగింది. దానితోపాటు నో-డెకో సమయం, అంటే పైకి వచ్చే దారిలో ఆగాల్సిన పని లేకుండా అడుగున ఉండగలిగే సమయం, కూడా వేగంగా కరిగిపోయింది. అది దాదాపు అయిపోయే వేళకు ఇద్దరూ పైకి లేచారు.

నాకు జవాబు దొరికింది ఆ నో-డెకో దగ్గరే.

నైట్రాక్స్‌లో ఆక్సిజన్ పెరిగితే నైట్రోజన్ తగ్గుతుంది. సిలిండర్‌లో ఉండేవి ఆ రెండే కాబట్టి వేరే దారి లేదు. కంప్యూటర్‌కు ఎక్కువ ఆక్సిజన్ శాతం చెప్పామనుకోండి, సీఎన్‌ఎస్ త్వరగా పెరగాలి, నో-డెకో సమయం ఎక్కువ రావాలి. పొరపాటున మామూలు గాలి అని వదిలేశామనుకోండి, నో-డెకో తక్కువ వస్తుంది, సీఎన్‌ఎస్ నెమ్మదిగా కదులుతుంది. ఆయన కంప్యూటర్‌లో రెండూ చెడ్డ వైపుకే పోయాయి. ఆక్సిజన్ చూస్తే 50 శాతం గ్యాస్‌లా, నైట్రోజన్ చూస్తే మామూలు గాలిలా. అలాంటి గ్యాస్‌ను ఏ కంప్రెసర్ గదిలోనూ ఎవరూ నింపలేరు. అంటే కంప్యూటర్ ఏ నిజమైన గ్యాస్‌నూ లెక్కలోకి తీసుకోలేదు, కావాలనే రెండు వైపులా అతి జాగ్రత్త లెక్క వేసింది.

కొన్ని కంప్యూటర్లలో ఈ ఏర్పాటు ఉంటుంది. డైవ్ ముగిసి పైకి వచ్చాక పది నిమిషాలకు, మనం ఎక్కించిన శాతాన్ని అది చెరిపేస్తుంది. మళ్లీ ఎక్కించకుండా దిగితే, ఆక్సిజన్ లెక్కకు 50 శాతం అని, నైట్రోజన్ లెక్కకు 79 శాతం అని పట్టుకుంటుంది. చెప్పడం మరిచిపోయిన డైవర్ విషయంలో తయారీదారు ఇంతకంటే బాధ్యతగా ఏం చేయగలడు? ఆయన లాగ్‌లో రెండో డైవ్ ఎదురుగా గ్యాస్ 50 అని ఉంది. 22 మీటర్ల దగ్గర 3.2ను 0.5తో గుణిస్తే సరిగ్గా 1.6. పట్టికలో 45 నిమిషాలు. 30 నిమిషాలకు 66.7 శాతం. విరామం తర్వాత మిగిలిన 7.5, తక్కువ లోతుల్లో 2.8. మొత్తం 77. అంకె అంకెకూ కుదిరింది.

"పొద్దున్నే 32 పెట్టాను గదన్నా, మళ్లీ ఎందుకు పెట్టాలి?" అన్నాడు.

"సిలిండర్ మార్చావు కదా తమ్ముడూ" అన్నాను.

కేసు ఇక్కడితో ముగిసిందని ఆయన అనుకున్నాడు. ఆవిడ కంప్యూటర్ సరైనది, ఆయనది అతి జాగ్రత్తది, అంతే. నేను ఒప్పుకోలేదు. 19 అనే అంకెను ఎవరూ ప్రశ్నించలేదు, ఎందుకంటే అది మోగలేదు. నీళ్లలో కూడా ఆయన అలారాన్ని ఆపేసి డైవ్ కొనసాగించడానికి కారణం అదే: పక్కన ఆవిడది నిశ్శబ్దంగా ఉంది. రెండు పరికరాలు వేర్వేరుగా చెబుతుంటే మనసు హాయిగా ఉన్నదాని వైపు వాలుతుంది. నీటి అడుగున అది నాకు ససేమిరా నచ్చని అలవాటు. అడుగున ఉండగా రెండిట్లో ఏది నిజమో తేల్చే దారి లేదు. అప్పుడు కఠినంగా చెప్పేదాన్నే నమ్మి, తక్కువ లోతుకు వచ్చి, డైవ్ ముగించాలి.

రెండో సిలిండర్లలో ఏముందో చూశారా అని ఆవిడను అడిగాను.

"32 కావాలనే చెప్పామన్నా" అంది.

"చెప్పడం కాదమ్మా, టేపు మీద ఏం రాసి ఉంది?"

ఇద్దరికీ గుర్తు లేదు. బోటులో తీసుకున్న ఫొటోలు తెరవమన్నాను. విరామంలో ఇద్దరూ సిలిండర్ల పక్కన కూర్చుని కొబ్బరి బోండాం తాగుతున్న ఫొటోలో, సిలిండర్ మెడ కింద అతికించిన టేపు స్పష్టంగా ఉంది. 36. దాని కింద గరిష్ఠ లోతు 28. గ్యాస్ నింపినచోట రిజిస్టర్‌లో కూడా ఆ రెండు సిలిండర్లకూ 36 అనే ఉందని ఫోన్‌లో తెలిసింది. ఆవిడ కంప్యూటర్ రెండో డైవ్ మొత్తం పొద్దుటి 32తోనే నడిచింది. దానిలో శాతం తనంతట తను చెరిగిపోయే ఏర్పాటు లేదు. నిన్న పెట్టింది నేడు, పొద్దున పెట్టింది మధ్యాహ్నం అలాగే మోసుకుపోతుంది.

అసలు అంకె ఎంత? 3.2ను 0.36తో గుణిస్తే 1.15. 30 నిమిషాలకు 13.4 శాతం. విరామం తర్వాత మిగిలిన 7.5, తక్కువ లోతులది ఒకటిన్నర. మొత్తం 22 చిల్లర. ఆవిడది 19, ఆయనది 77, అసలుది 22. రెండూ తప్పే. ఆవిడది మూడు శాతమే తక్కువ చూపించింది కాబట్టి నష్టం లేదనిపిస్తుంది, ఆ రోజు నిజంగానే లేదు కూడా. నాకు కంగారు పుట్టించింది మర్నాటి ప్లాన్.

36 శాతంతో 1.4 బార్ దాటకూడదంటే గరిష్ఠ లోతు 28.9 మీటర్లు. 32 శాతంతో అయితే 33.7. ఆవిడ కంప్యూటర్ 32 అనే అనుకుంటూ ఉంటే, ఆ సిలిండర్లతో 33 మీటర్లకు దిగినా కిక్కురుమనదు. దాని దృష్టిలో పాక్షిక పీడనం 1.38. నిజంలో 4.3ను 0.36తో గుణిస్తే 1.55. అంటే పట్టికలోని ఆ నిటారు మెట్టు మీద నిలబడి ఉంటారు, 157 నిమిషాలు ఉన్నాయనుకున్న చోట నిజానికి 84. అడుగున కరెంట్ ఉండి, గట్టిగా ఈదుతూ, రొప్పుతూ ఉంటే ఇంకా ప్రమాదం. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఆక్సిజన్ విషప్రభావానికి తట్టుకునే శక్తి తగ్గుతుంది, దాన్ని ఏ పట్టికా లెక్కలోకి తీసుకోదు. ఆయన కంప్యూటర్ గోల చేయకపోయి ఉంటే మర్నాడు వాళ్లు అక్కడికి వెళ్లేవాళ్లే. ఈ మాట చెప్పాక ఆవిడ చాలాసేపు తన కంప్యూటర్‌నే చూస్తూ ఉండిపోయింది.

అంకె సరైనదే అయినా దాన్ని ఎంత నమ్మాలి అన్నది తర్వాతి ప్రశ్న. ఆవిడే అడిగింది: 22 అంటే ఇంకా 78 శాతం హాయిగా ఉన్నట్టేనా అని. కాదన్నాను. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ నౌకాదళంలో కెనెత్ డోనాల్డ్ అనే వైద్యుడు ఆక్సిజన్ పీల్చే డైవర్ల మీద పెద్ద ఎత్తున పరీక్షలు చేశాడు. ఒకే మనిషి, ఒకే లోతు, ఒకరోజు ఎక్కువసేపు తట్టుకున్నాడు, ఇంకోరోజు కొద్దిసేపటికే లక్షణాలు వచ్చాయి. మనిషికీ మనిషికీ తేడా అంతకంటే ఎక్కువ. నీళ్లు లేకుండా ఒత్తిడి పెంచే పొడి ఛాంబర్‌లో తట్టుకున్నంత నీళ్లలో తట్టుకోలేరని కూడా ఆ పరీక్షల్లో తేలింది. కాబట్టి 100 అనేది ఫిట్స్ వచ్చే గీత కాదు, 20 అనేది రక్షణ కవచం కాదు. ఆ గడియారం పట్టికలోని సమయాన్ని ఎంత వాడామో చెబుతుంది, మన మెదడు స్థితిని చెప్పదు. డైవ్‌లో నన్ను నిజంగా కాపాడేది లోతు. 1.4 దాటకుండా ఉండటాన్ని నేను సీఎన్‌ఎస్ శాతం కంటే ముందు చూస్తాను. 1.6ను పైకి వస్తూ ఆగే స్టాప్‌ల దగ్గర కదలకుండా ఉండే సమయానికి వదిలేస్తాను.

ఊపిరితిత్తుల మీద పడే ఆక్సిజన్ భారం లెక్క, అంటే ఓటీయూ, ఈ కేసులో పెద్దగా పట్టించుకోవాల్సింది కాదు. 1 బార్ ఆక్సిజన్‌ను ఒక నిమిషం పీలిస్తే ఒక ఓటీయూ. వీళ్లకు రెండు డైవ్‌లకూ కలిపి దాదాపు 83 వచ్చాయి. డైవింగ్ పరిశోధకుడు బిల్ హామిల్టన్ బృందం 1988లో సూచించిన పద్ధతిలో మొదటి రోజుకు 850 దాకా ఉంది. వినోదం కోసం డైవ్ చేసేవాళ్లు ఆ హద్దు దరిదాపులకు కూడా వెళ్లరు. పొడవాటి టెక్నికల్ డైవ్‌లు రోజుల తరబడి చేసేవాళ్లకు, ఛాంబర్ చికిత్స తీసుకునేవాళ్లకు అది ముఖ్యం.

వాళ్లతో మార్పించిన పద్ధతి గురించి. ఇప్పుడు ప్రతి సిలిండర్‌నూ ఇద్దరూ ఎవరిది వాళ్లే, ఆక్సిజన్ శాతం చూపే అనలైజర్‌తో కొలుస్తారు. వేరేవాళ్లు కొలిచి టేపు అంటించినా సరే. అనలైజర్ కాలిబ్రేషన్ (తెలిసిన గాలితో దాని కొలతను సరిచేయడం) విషయంలో మన ఊరికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. చెన్నై ఒడ్డున 32 డిగ్రీల వేడిలో, ముక్కాలు వంతు తేమ ఉన్న గాలిలో, నీటి ఆవిరి మూడున్నర శాతం దాకా ఆక్రమిస్తుంది. ఆ గాలిలో ఆక్సిజన్ 20.9 ఉండదు, 20.2 దగ్గర ఉంటుంది. బోటు మీద చుట్టూ ఉన్న గాలినే 20.9 అని చెప్పి కాలిబ్రేట్ చేస్తే, పొడిగా ఉండే సిలిండర్ గ్యాస్‌ను అది ఒక శాతం ఎక్కువ చూపిస్తుంది. 32 ఉన్నది 33 అంటుంది. ఆక్సిజన్ వైపు అది జాగ్రత్తే, కానీ నైట్రోజన్ తక్కువ ఉందని కంప్యూటర్‌ను నమ్మించినట్టవుతుంది. అందుకే మామూలు గాలి నింపిన సిలిండర్ నుంచి, పొడి గాలితో, గ్యాస్ కొలిచేటప్పుడు ఎంత నెమ్మదిగా వదులుతామో అంతే నెమ్మదిగా వదిలి కాలిబ్రేట్ చేయమన్నాను. ఎండలో పడేసిన అనలైజర్‌ను కాసేపు నీడలో ఉంచాకే వాడమన్నాను.

కొలిచాక టేపు మీద శాతం, గరిష్ఠ లోతు, తేదీ, పేరు. ఆ టేపు చూస్తూనే కంప్యూటర్‌లో శాతం ఎక్కించాలి, జ్ఞాపకం మీద కాదు. దూకే ముందు ఇద్దరూ చేతులు పక్కపక్కన పెట్టి ఒకరి కంప్యూటర్‌లోని గరిష్ఠ లోతును ఇంకొకరు పైకి చదవాలి. శాతం కంటే గరిష్ఠ లోతు చదవడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే తప్పు ఉంటే అక్కడ మీటర్లలో కనిపిస్తుంది. 28కి 33 పక్కన కనిపిస్తే ఎవరైనా ఆగుతారు.

చివర్లో ఆయన మెనూ తెరిచి, శాతం చెరిగిపోయే ఆ ఏర్పాటును ఆఫ్ చేసేస్తానన్నాడు. "ఇంకోసారి ఈ మోత నాకొద్దన్నా." వద్దన్నాను. ఆఫ్ చేస్తే ఆయన కంప్యూటర్ కూడా ఆవిడదానిలా పాత అంకెను మోసుకుపోతుంది. ఇద్దరిలో ఒక్కరి పరికరమైనా మరుపును పట్టించాలి. కాసేపు వాదించి, ఆన్‌లోనే ఉంచాడు.

వారాల తర్వాత వాళ్లు కొత్త లాగ్‌లు పంపారు. ప్రతి డైవ్ ఎదురుగా ఇద్దరిలోనూ ఒకే గ్యాస్ శాతం ఉంది. సీఎన్‌ఎస్‌లో మాత్రం ఒకటి రెండు శాతం తేడా ఉందేమిటని ఆవిడ అడిగింది. ఒక తయారీదారు పట్టికలో రెండు మెట్ల మధ్య గీత గీసి సమయం లెక్క వేస్తాడు, ఇంకొకడు పై మెట్టుకు పెంచేస్తాడు. 0.5 బార్ కిందిదాన్ని ఒకడు లెక్కపెడతాడు, ఒకడు వదిలేస్తాడు. ఆ పాటి తేడా లెక్క పద్ధతిది, దాన్ని అలాగే ఉండనివ్వమన్నాను. పదుల్లో తేడా వస్తే మాత్రం నాకు ఫోన్ చేసే ముందే ఇద్దరి గ్యాస్ శాతాలూ, సిలిండర్ల టేపులూ చూసుకోమన్నాను.